పాత ఫోటో పక్కన కొత్త టైమ్: హన్మకొండలో ఇంటి వెబ్‌క్యామ్, వాతావరణ సైట్ నడిపిన అనుభవం

2021 ఏప్రిల్‌లో ఒక రోజు మధ్యాహ్నం మూడు నలభైకి మా మేనమామ ఫోన్ చేశాడు. “అల్లుడా, నీ దాంట్ల ఎండనే చూపెడ్తాంది. ఈడ మిర్చంత తడిసిపాయె” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

గీసుగొండ దగ్గర కల్లంలో ఆయన మిర్చి ఆరబోసి ఉంది. మా ఇల్లు హన్మకొండలో, ఆయన కల్లానికి పడమర దిక్కున. నేను చూసినంతవరకు ఎండాకాలపు గాలిదుమారాలు మాకు ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచే వస్తాయి. మా డాబా మీది కెమెరాలో మొగులు కమ్మిన అరగంటకో గంటకో ఆయన దగ్గర వాన మొదలవుతుంది. కూలీలను పిలిచి, కాయలు కుప్ప చేసి, పరదాలు కప్పడానికి ఆ అరగంట చాలు. ఆ కెమెరా ఫోటోలు కనిపించే నా సైట్‌ను ఆ రోజు ఆయన రెండుసార్లు తెరిచాడు. ఆకాశం తేటగా ఉంది, ఫోటో కింద టైమ్ కూడా సరిగ్గా అప్పటిదే ఉంది. నమ్మి ఊరుకున్నాడు. తడిసిన మిర్చికి రంగు పోతుంది, తాలు కింద లెక్కకడతారు. ఎనుమాముల మార్కెట్‌లో దాని ధర ఎంత పడిపోతుందో మిర్చి పండించిన వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆ సమయానికి నేను కాజీపేటలో పని మీద ఉన్నాను. సీసీటీవీ కెమెరాలు బిగించడం నా వృత్తి. నా మీద వాన పడుతోంది, చేతిలో ఫోన్‌లో నా సైట్ ఎండ చూపిస్తోంది. ఆ ఫోటో మధ్యాహ్నం 1:50 నాటిది.

ఇలాంటి సైట్ పెట్టాలనుకునే వాళ్లకు పనికొస్తుందని ఈ కేసు మొత్తం రాస్తున్నాను. ఎక్కడెక్కడ తప్పు జరిగిందో ముందు చెబుతాను, ఏ సామాను కొనాలో ఆ తర్వాత.

ఆ రోజు ఏం జరిగింది

అప్పటి ఏర్పాటు ఇది. డాబా మీద ఒక పీవీసీ జంక్షన్ బాక్స్, అందులో రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ (దాన్నే ‘పై’ అంటాను), దానికి రిబ్బన్ కేబుల్‌తో చిన్న కెమెరా. అందులో క్రాన్ అనే టైమ్ ఏర్పాటు ఐదు నిమిషాలకోసారి ఒక ప్రోగ్రామ్‌ను లేపుతుంది. అది ఫోటో తీసి, సర్వర్‌కు పంపి, ఆగిపోతుంది.

ఏప్రిల్ ఎండకు బాక్స్ లోపల పొయ్యిలా కాలిపోతోంది. రిబ్బన్ కేబుల్ కొస కనెక్టర్‌లో కొద్దిగా వదులైంది. కెమెరా జవాబు ఇవ్వడం మానేసింది. నా ప్రోగ్రామ్‌కు ఎంతసేపు ఎదురుచూడాలో నేను చెప్పలేదు, కాబట్టి అది ఎదురుచూస్తూనే ఉండిపోయింది. ఐదు నిమిషాలకు క్రాన్ ఇంకొకదాన్ని లేపింది. అదీ అలాగే నిలబడింది. ఇలా ఇరవై దాకా పోగయ్యేసరికి మెమరీ నిండి పై మొత్తం బిగుసుకుపోయింది.

కెమెరా ఆగడం, పై బిగుసుకుపోవడం, ఈ రెండూ ఎవరికైనా వచ్చే సమస్యలే. మూడోది నేను చేతులారా రాసిన తప్పు. పేజీలో ఫోటో కింద టైమ్ చూపించాలనుకున్నప్పుడు, సులువు కదా అని చూసేవాళ్ల ఫోన్ గడియారంలోని టైమ్‌నే అక్కడ వేశాను. అన్నీ బాగా నడిచినన్నాళ్లు ఆ టైమ్‌కూ ఫోటోకూ ఐదు నిమిషాలకు మించి తేడా లేదు, అందుకే నా కంటికి ఆనలేదు. కెమెరా ఆగిన రోజున మాత్రం రెండు గంటల పాత ఫోటో పక్కన నిమిషం నిమిషం మారే కొత్త టైమ్ నిలబడింది. సైట్ ఆగిపోయి తెల్ల పేజీ వచ్చినా మామ కల్లం దగ్గరికి వెళ్లి తల ఎత్తి చూసేవాడు. నా సైట్ ఆయన్ను ఆ పని కూడా చేయనివ్వలేదు.

మరుసటి వారంలో మార్చినవి ఇవి. టైమ్‌ను ఫోటో తీసే క్షణంలోనే, తీసిన యంత్రమే, ఫోటో మీద చెక్కేస్తుంది. ఫోటోతో పాటు అది తీసిన సమయం ఉన్న చిన్న ఫైలు కూడా సర్వర్‌కు వెళ్తుంది. పేజీ ఆ సమయం నుంచి ఫోటో వయసు లెక్కకట్టి, “4 నిమిషాల క్రితం” అని పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది. వయసు 15 నిమిషాలు దాటితే ఫోటో బూడిద రంగుకు తిరిగి, దాని మీద “ఈ ఫోటో పాతది, దీన్ని నమ్మకండి” అని వస్తుంది. ఉష్ణోగ్రత, వాన అంకెలకూ ఇదే నియమం. ప్రోగ్రామ్‌కు 60 సెకన్ల టైమౌట్ పెట్టాను. ఒకటి నడుస్తుండగా రెండోది లేవకుండా తాళం వేశాను. పై లోపలే ఉండే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ను ఆన్ చేశాను. సిస్టమ్ బిగుసుకుపోతే అది తానే రీస్టార్ట్ చేస్తుంది.

ఇంకో చిన్న విషయం, చాలా సైట్లలో చూస్తుంటాను. ఫోటో కింది సగం బూడిద రంగులో వస్తుంది. ఫైలు పూర్తిగా చేరకముందే ఎవరో పేజీ తెరిచారన్నమాట. వేరే పేరుతో పంపి, పూర్తయ్యాక పేరు మార్చితే ఆ ఇబ్బంది ఉండదు. అలాగే బ్రౌజర్ పాత ఫోటోను దాచిపెట్టుకుని మళ్లీ అదే చూపించకుండా, ఫోటో చిరునామా చివర ప్రతిసారీ మారే సంఖ్య ఒకటి తగిలించాలి.

చివరిది, నాకు సమాచారం అందడం. పై తానే “నేను చెడిపోయాను” అని మెసేజ్ పంపుతుందనుకోవడం పొరపాటు. పూర్తిగా చెడిపోయింది మెసేజ్ ఎలా పంపుతుంది? అందుకే సర్వర్ వైపు నుంచి చూడాలి. అరగంట నుంచి కొత్త ఫోటో రాకపోతే సర్వరే నా టెలిగ్రామ్‌కు మెసేజ్ కొడుతుంది.

డాబా మీద 47 డిగ్రీలు

మొదటి ఎండాకాలం, 2020 మే నెలలో, నా సైట్ 47 డిగ్రీలు చూపించింది. హన్మకొండలో భారత వాతావరణ శాఖ కొలత కేంద్రం ఉంది, రోజూ దాని అంకెలు వస్తాయి. నా అంకె దానికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. మిత్రులు నాదే స్క్రీన్‌షాట్లు తీసి “ప్రభుత్వం తక్కువ చేసి చెబుతోంది” అని వాట్సాప్‌లో తిప్పారు. నాకు అప్పుడు గర్వంగా అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే ఇబ్బందిగా ఉంటుంది. నేను కొలిచింది ఊరి గాలిని కాదు, మా డాబా స్లాబ్ వేడిని.

గాలి ఉష్ణోగ్రత అంటే నీడలో, గాలి ధారాళంగా ఆడే చోట, మనిషి ఎత్తుకు అటూఇటూగా కొలిచేది. కొలత కేంద్రాల్లో తెల్ల రంగు వేసిన, పక్కల రెక్కలున్న చెక్కపెట్టె కనిపిస్తుంది. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. ఆ ఏర్పాటంతా సెన్సర్ మీద ఎండ పడకుండా, నేల వేడి తగలకుండా, గాలి మాత్రం తగిలేలా చూడడానికే. మనకు ఇంకో చిక్కు ఉంది. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. గోడ పక్క నీడ అనేది ఉండదు. చల్లని దేశాల వాళ్ల వీడియోలు చూసి “ఉత్తరం గోడకు బిగిస్తే చాలు” అనుకుంటే మన దగ్గర పని జరగదు.

పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్లేలు తొమ్మిది తీసుకుని, పైనుండే రెండు తప్ప మిగతావాటికి మధ్యలో గుండ్రంగా కోసి, పొడవాటి బోల్టుల మీద ఒకదాని కింద ఒకటి వేలు మందం ఎడంతో పేర్చాను. లోపల సెన్సర్. సగం తేడా పోయింది, సగం మిగిలింది. రెండో పని, దాన్ని డాబా మీద నుంచి పెరట్లోకి, మట్టినేల మీద ఒకటిన్నర మీటర్ల ఎత్తులో పైపుకు మార్చడం. మూడోది, కింది నుంచి గాలి లాగే చిన్న కంప్యూటర్ ఫ్యాన్. దాన్ని నేరుగా చిన్న సోలార్ ప్లేట్‌కు కలిపాను. ఎండ ఎంత ఎక్కువైతే అంత వేగంగా తిరుగుతుంది, రాత్రి ఆగిపోతుంది. ఆ తర్వాత గరిష్ఠ ఉష్ణోగ్రత ప్రభుత్వ కేంద్రంతో ఒక డిగ్రీ లోపు తేడాతో నడుస్తోంది. మా పెరడు మూడు గోడల మధ్య ఉంది కాబట్టి అంతకంటే దగ్గరగా రావాలని నేను ఆశించను.

గాలి వేగం నా సైట్‌లో లేదు. చాలామంది అడుగుతారు. దాన్ని బయలు చోట 10 మీటర్ల ఎత్తులో కొలవాలి. మా సందులో అలాంటి చోటు లేదు, కాబట్టి ఆ అంకె పెట్టను.

సెన్సర్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచే బీఎంఈ280 సెన్సర్ అని అమ్మేవాటిలో చాలాసార్లు బీఎంపీ280 వస్తుంది. చూడడానికి రెండూ ఒకటే, కానీ రెండోది గాలిలో తేమ కొలవదు. కలిపిన వెంటనే చిప్ గుర్తింపు సంఖ్య చదవండి. హెక్సా లెక్కలో 60 వస్తే బీఎంఈ, 58 వస్తే బీఎంపీ. నాకు మూడింటిలో రెండు అలాగే వచ్చాయి.

పీడనం గురించి కూడా అడుగుతుంటారు, మీ సైట్‌లో 30 తక్కువగా ఉందేమిటని. హన్మకొండ సముద్రమట్టానికి సుమారు 265 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తుకు సుమారు 30 హెక్టోపాస్కల్స్ తగ్గుతుంది. దాన్ని కలిపి సముద్రమట్టపు లెక్కలో చూపాలి. రోజూ పొద్దున పదికి ఎక్కి సాయంత్రం నాలుగుకు దిగే పీడనం గీతను చూసి తుఫాను వస్తోందని మొదట్లో నేనూ టెన్షన్ పడ్డాను. మన లాంటి ఉష్ణమండలంలో అది రోజుకు రెండుసార్లు వచ్చే మామూలు పోటు. రాత్రి పదికి మళ్లీ ఎక్కుతుంది. ఇప్పుడైతే ఆ రెండు అలలు స్పష్టంగా కనిపిస్తే సెన్సర్ బాగానే ఉందని ధైర్యం.

వానను కొలవడం

నా దగ్గర ఉన్నది ఒరిగే గిన్నెల రెయిన్ గేజ్. లోపల ఊయలలాగా రెండు చిన్న గిన్నెలు. ఒకటి నిండితే ఒరిగి కుమ్మరిస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ అయస్కాంతం ఒక స్విచ్ ముందు నుంచి వెళ్లి దాన్ని కలుపుతుంది. కంపెనీ లెక్క ప్రకారం ఒక్కో ఒరుగుకు 0.2794 మిల్లీమీటర్లు.

ఆ లెక్కను రెండేళ్లు అలాగే నమ్మాను. నమ్మకూడదు. పరీక్ష చాలా తేలిక. గేజ్ నోటి దగ్గరి గరాటు వైశాల్యం 55 చదరపు సెంటీమీటర్లు. అంటే 1 మిల్లీమీటర్ వానకు 5.5 మిల్లీలీటర్ల నీళ్లు. 100 మిల్లీలీటర్లు పోస్తే సుమారు 65 సార్లు ఒరగాలి. సెలైన్ సీసాకు ఉండే గొట్టంతో చుక్కచుక్కగా పోశాను, నాది 58 సార్లే ఒరిగింది. గిన్నెల కింద ఉండే మరలు సరిచేసి, మూడుసార్లు పోసి చూశాక 64, 65కి వచ్చింది. అప్పటిదాకా సైట్‌లో ఉన్న వాన అంకెలన్నీ తక్కువే. వాటిని చెరిపేయలేదు, మార్చలేదు. ఆ పేజీ పైన “ఈ తేదీకి ముందు అంకెలు సుమారు పదో వంతు తక్కువ” అని రాసి పెట్టాను.

సరిచేసిన గేజ్ కూడా కుండపోతలో వెనకబడుతుంది. గిన్నె ఒరిగే ఆ క్షణంలో పడే నీళ్లు లెక్కలోకి రావు. అందుకే పక్కనే నిలువు గోడల మామూలు కొలపాత్ర ఒకటి పెట్టుకుని రోజూ పొద్దున 8:30కి చేత్తో కొలుస్తాను. 8:30 ఎందుకంటే వాతావరణ శాఖ వానరోజు ఉదయం 8:30 నుంచి మరుసటి ఉదయం 8:30 వరకు. నేను మొదట అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్కకట్టేవాడిని. పేపర్‌లో వచ్చే అంకెతో ఏ రోజూ కలిసేది కాదు. 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ అనే మాటలు కూడా ఆ 24 గంటల మొత్తానికే వర్తిస్తాయి. గంటలో పడినదానికి ఆ పేర్లు నేను వాడను.

2023 జూలై 27 ఉదయం ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల వాన 649.8 మిల్లీమీటర్లుగా నమోదైంది. అదే రోజు మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది. ఇళ్ల పైకప్పుల మీద ఉన్నవాళ్లను సహాయక బృందాలు బయటికి తెచ్చాయి. మా ఊళ్లోనూ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. ఆ రాత్రి మా వీధిలో కరెంటు పోయింది, ఇంటర్నెట్ పోయింది. పై మాత్రం చిన్న యూపీఎస్ మీద రాసుకుంటూనే ఉంది. సైట్ తెరిచిన వాళ్లకు బూడిద రంగు ఫోటో, “5 గంటల క్రితం” అనే మాట కనిపించాయి. పొద్దున చాలామంది ఫోన్లు చేసి అడిగారు, పాత ఫోటోను చూసి మోసపోయిన వాళ్లు ఒక్కరు కూడా లేరు. జనానికి ఎక్కువ అవసరమైన రాత్రే సైట్ అందకుండా పోవడం నాకు నచ్చలేదు. అందుకని తర్వాత ఒక 4జీ డాంగిల్ పెట్టాను. ఇంటర్నెట్ పోతే దాని ద్వారా ఫోటోలు కాకుండా అంకెలు మాత్రమే వెళ్తాయి. రాబోయే వానను నేను చెప్పను, వాతావరణ శాఖ హెచ్చరికల లింకు పేజీ పైనే ఉంటుంది.

కరెంటు పోతే గడియారం వెనక్కి

పై తన డేటా రాసుకునే ఎస్‌డీ కార్డు పాడవడం గురించి అందరూ చెప్పేదే. నిమిషానికోసారి రాస్తుంటే నాది ఎనిమిది నెలలకే మొరాయించింది. డేటాను యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీకి మార్చి, లాగ్‌లను (ప్రోగ్రామ్‌లు రాసుకునే నమోదులను) ర్యామ్‌లో ఉంచితే సరిపోయింది.

గడియారం సంగతి అంత మంది చెప్పరు. నా దగ్గర ఉన్న పాత రకం పైలో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వస్తే, చివరిసారి దాచుకున్న టైమ్ నుంచి మొదలుపెట్టి, ఇంటర్నెట్ దొరికాక సరిచేసుకుంటుంది. గాలిదుమారంలో కరెంటు పోతుంది, వచ్చాక కూడా ఇంటర్నెట్ అరగంట ఆలస్యంగా వస్తుంది. అంటే వాన గట్టిగా పడే ఆ అరగంట లెక్కంతా తప్పు టైమ్ మీద నమోదవుతుంది. 2022 జూన్‌లో ఒక రోజు గ్రాఫ్‌లో గీత వెనక్కి మళ్లి తన మీద తానే నడిచినప్పుడు గాని నాకు అర్థం కాలేదు. డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి కలిపితే తీరిపోయింది. చవక మాడ్యూళ్లలో బ్యాటరీని చార్జ్ చేసే దారి ఉంటుంది. మామూలు సీఆర్2032 బిళ్లను చార్జ్ చేయకూడదు, ఉబ్బుతుంది. ఆ దారిలోని రెసిస్టర్‌ను తీసేసి వాడండి.

రెండో ఏడు చివర ఏర్పాటే మార్చాను. పై ఇప్పుడు మెట్ల గదిలో చల్లగా ఉంటుంది. డాబా మీద నా వృత్తిలో రోజూ వాడే ఐపీ కెమెరా. ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో కరెంటు, ఫోటో రెండూ నడుస్తాయి. పెరట్లో, గేజ్ దగ్గర ఈఎస్‌పీ32 అనే చిన్న సర్క్యూట్ బోర్డులు వైఫై మీద అంకెలు పంపుతాయి. మొదటి రోజే ఇలా చేయాల్సింది. కేబుల్‌ను మాత్రం గట్టి పైపులో వేయాలి. మా వైపు కోతులు రెండుసార్లు పీకేశాయి.

కెమెరా ముఖం వాయవ్యానికి కొంచెం ఉత్తరంగా తిప్పి ఉంటుంది. నేరుగా పడమరకు పెడితే సాయంత్రం సూర్యుడు లెన్స్‌లోకి వచ్చి, సరిగ్గా మొగులు చూడాల్సిన వేళకే ఫోటో తెల్లబడుతుంది.

పక్కింటి డాబా

మొదట్లో ఫోటో కింది భాగంలో పక్కింటి డాబా కనిపించేది. ఆ ఇంటి పెద్దమ్మ ఒక రోజు మా అమ్మతో అంది, “మేం ఎండకాలం రాత్రి పైననే పండుకుంటం. మీ పిలగాని కెమెరా మమ్మల్నే చూస్తాందంట గదా?” ఆ మాట నాకు ముందే తట్టాల్సింది. ఇళ్లకు కెమెరాలు బిగించేటప్పుడు ఎదుటివాళ్ల కిటికీ పడకుండా చూడడం నా పనిలో భాగమే. నా ఇంటి విషయంలో మరిచాను. ఆ సాయంత్రమే కెమెరాను పైకి ఎత్తి, ఫోటో కింది మూడో వంతును రాస్‌ప్‌బెర్రీ పైలోనే కోసేసి పంపేలా చేశాను. కోసిన భాగం ఎక్కడా నిలవ ఉండదు. తర్వాత ఆమెకే ఫోన్‌లో చూపించాను. ఇప్పుడు వడియాలు పెట్టే ముందు నా ఫోటో చూస్తుంది.

చూసేవాళ్లు ఎవరో ఫోన్లు, మెసేజ్‌ల ద్వారా కొద్దికొద్దిగా తెలిసింది. మిర్చి రైతులు, ఇటుక బట్టీల వాళ్లు, టెంట్ హౌస్ వాళ్లు, పెళ్లి వంటల వాళ్లు. వీళ్లందరికీ కావలసింది తేలికగా తెరుచుకునే పేజీ. అందుకే గ్రాఫ్‌లు వేరే పేజీలో పెట్టాను. మొదటి పేజీలో ఒక ఫోటో, దాని వయసు, నాలుగు అంకెలు. ఫోటో 180 కిలోబైట్లు దాటదు. రోజుకు 288 ఫోటోలు, నెలకు ఒకటిన్నర జీబీ. మామ ఇప్పుడు పేజీ తెరవగానే ముందు వయసు చదువుతాడు, తర్వాతే ఆకాశం చూస్తాడు.

మృగశిర కార్తె లోపు ఏటా ఒక ఆదివారం ఈ పనికి పోతుంది. గేజ్ గరాటులో వేపాకులు, పావురాల రెట్ట తీయడం, 100 మిల్లీలీటర్ల పరీక్ష, పళ్లేలు కడగడం, కెమెరా అద్దం తుడవడం, యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో ప్లగ్ పీకి చూడడం. చేసిన ప్రతి మార్పూ తేదీతో సైట్‌లోనే రాస్తాను.

ఇప్పుడు ముందున్న పని వేరు. వాయవ్యం వైపు స్థలంలో మూడంతస్తుల ఇల్లు లేస్తోంది. రెండో స్లాబ్ పడేసరికి నా ఫోటోలో ఆకాశం సగం పోతుంది, పెరట్లో సాయంత్రపు ఎండ కూడా తగ్గుతుంది. కెమెరాను, సెన్సర్‌ను కిలోమీటరు దూరంలో ఉన్న మిత్రుడి ఇంటికి మార్చాలి. ఒక్క రోజులో మార్చేస్తే, వచ్చే మే నెలలో అంకె తగ్గితే అది ఎండ తగ్గడం వల్లో చోటు మారడం వల్లో ఎవరికీ తెలియదు. అందుకని రెండు చోట్లా రెండు సెట్లు పెట్టి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కలిపి నడపాలని నిర్ణయించాను. రెండో సెట్ పోయిన నెల బిగించాను. కొత్త చోట తెల్లవారుజామున ఒక డిగ్రీ చల్లగా ఉంటోంది, మధ్యాహ్నం తేడా లేదు. వాన తేడా చూడడానికి మృగశిర దాకా ఆగాలి.